నెలకోసారి కొండ ఎక్కితే, రోజూ పది గంటలు కూర్చునేవాళ్లకు సరిపోతుందా?

తిరుపతిలో బట్టల షాపు క్యాష్ కౌంటర్‌లో రోజుకు పది గంటలు కూర్చుంటానని, సాయంత్రానికి రెండు కాళ్లూ వాస్తున్నాయని, నెలకోసారి అలిపిరి మెట్లెక్కుతున్నా కదా, అది చాలదా అని ఒకరు అడిగారు. చాలదన్నా. ఎక్కడం మానొద్దు, కానీ ఆ ఒక్క రోజు 3,550 మెట్లు మిగతా రోజుల లోటును పూడ్చలేవు.

కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరం. అది బిగుసుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తం గుండె వైపు కదులుతుంది. గంటల తరబడి కదలకపోతే ఆ తోపు లేక చీలమండల దగ్గర నీరు చేరుతుంది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కూడా కాలి కండరాలే. ఇవన్నీ ఏ పూటకాపూట జరగాల్సిన పనులు. 1953లో జెర్రీ మారిస్ బృందం లండన్ బస్సుల సిబ్బందిని గమనిస్తే, మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీట్లో ఉండే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువగా కనబడింది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కాస్త లావుగా ఉండేవారని తర్వాత తేలింది కాబట్టి, తేడా అంతా కూర్చోవడం వల్లే అనలేం.

ముందు మీ స్టూలు చూడండి. ఎత్తు స్టూలు మీద కాళ్లు వేలాడితే దాని అంచు తొడ కింద ఒత్తుతుంది. పాదాలు పూర్తిగా ఆనేలా కింద పీట వేసుకోండి. బిల్లు కొట్టేటప్పుడు లేచి నిలబడండి. అరగంటకోసారి కౌంటర్ పట్టుకుని మడమలు ఎత్తండి: రెండు సెకన్లలో పైకి, ఒక సెకను ఆగి, మూడు సెకన్లలో కిందికి, పదిహేను సార్లు. చాలామంది గబగబా ఎగురుతారు, అప్పుడు పిక్కకు పని పడదు. చేతులు ఆనించకుండా పదిసార్లు కూర్చుని లేవడం కూడా మంచిదే, మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోండి. అలాగని రోజంతా నిలబడొద్దు, సేల్స్‌మెన్ కాళ్లలో నరాలు ఉబ్బేది అందుకే. మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు షాపులోనే తిరగండి, ఎండలో రోడ్డు మీదికి వెళ్లక్కర్లేదు.

ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. రెండు కాళ్ల వాపు వారమైనా తగ్గకపోతే కిడ్నీ, గుండె పరీక్షలు చేయించుకోండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే దానివల్ల కూడా వాపు రావచ్చు. మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. ఐదు రోజులు, పొద్దున్నే అరగంట చొప్పున యూనివర్సిటీ రోడ్ల మీద నడిస్తే సరిపోతుంది. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం.

కొండ విషయానికొస్తే, శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా అని మొదట అటు వెళ్లొద్దు. దూరం తక్కువైనా ఏటవాలు ఎక్కువ, అలవాటు లేని గుండెకు అదే కష్టం. నెల రోజులు నడక సాగాక ఆ దారిన ఎక్కండి. దిగేటప్పుడు బస్సులో రండి. మర్నాడు తొడలు పట్టేసేదీ, మోకాళ్ల మీద ఎక్కువ బరువు పడేదీ మెట్లు దిగేటప్పుడే.