సమాధానం: జోన్స్ ఫ్రాక్చర్‌లో స్క్రూ బిగించాక బయటివైపు సందు

జోన్స్ ఫ్రాక్చర్‌కు (చిటికెన వేలి వెనకున్న పాదపు ఎముక, అంటే ఐదో మెటాటార్సల్, మొదలు దగ్గర విరగడం) స్క్రూ బిగించాక బయటివైపు సందు ఎందుకు వచ్చిందని అడిగారు. స్క్రూ పొడవు ఎక్కువైంది. మీరు వేసిన 60 మి.మీ. స్క్రూ నిటారు, ఐదో మెటాటార్సల్ బయటికి వంపు తిరిగిన ఎముక. స్క్రూ మొన వంపు దాటి లోపలివైపు కార్టెక్స్‌ను (ఎముక గట్టి పైపొర) తాకగానే ఎముకను నిటారు చేస్తుంది, బయటివైపు విరుగు తెరుచుకుంటుంది. ఇంకా బిగిస్తే సందు పెరుగుతుందే తప్ప మూసుకోదు.

చాలామంది వదిలేసేది ఇదే: డెప్త్ గేజ్ (లోతు కొలిచే సాధనం) చూపిన అంకెను నమ్మేస్తారు. అది గైడ్ వైర్ (స్క్రూకు దారి చూపే సన్నని తీగ) ఎంత లోపలికెళ్లిందో చెబుతుంది, వంపు ఎక్కడ మొదలైందో చెప్పదు. స్క్రూను పాదం మీదే పెట్టి సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్‌లో వాడే ఎక్స్-రే యంత్రం) చూడండి.

1. మరలన్నీ విరుగు దాటాలి. ఒక్క మర ఇవతల మిగిలినా కంప్రెషన్ (ముక్కలు ఒకదానికొకటి నొక్కుకోవడం) రాదు.
2. మొన వంపు ముందే ఆగాలి. సాధారణంగా 40–50 మి.మీ. చాలు.
3. స్క్రూ వ్యాసం ట్యాప్‌తో (ఎముకలో మరలు కోసే సాధనం) తేల్చండి: ట్యాప్‌తో పాటు ముందు (వేళ్లవైపు) ముక్క తిరగబోతే ఆ సైజు పట్టినట్టే. 4.5 మి.మీ. వదులైతే 5.5.
4. వైర్‌ను ఏపీ (ఎదురు), లేటరల్ (పక్క), ఆబ్లిక్ (ఏటవాలు) ఎక్స్-రే కోణాలు మూడింట్లోనూ చూడండి. ప్రవేశం కాస్త పైకి, లోపలికి ఉండాలి. సూరల్ నరం (పాదం బయటి అంచుకు స్పర్శనిచ్చేది) పక్కనే, దాన్ని కాపాడే స్లీవ్ (గొట్టం) తీయొద్దు.

ఇప్పటికి స్క్రూ తీసి, పొట్టిది వేయండి. పాత మరల్లో పట్టు దొరక్కపోతే ఒక సైజు లావుది.