ఉద్యోగం మానేసి సొంత షాపు పెట్టుకుంటే పీఎఫ్ వడ్డీ ఆగిపోతుందా?

ఆగదు; డబ్బు తీసుకోకుండా ఖాతాలో ఉంచితే 58 ఏళ్లు నిండేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. వడ్డీ లెక్కగట్టేది ఖాతాలో ఉన్న నిల్వ మీద. నెలనెలా జీతంలోంచి కోత పడుతోందా లేదా అన్నదానితో సంబంధం లేదు.

ఉదాహరణకు, హనుమకొండలో 38 ఏళ్ల ఉద్యోగి ప్రైవేటు కొలువు వదిలి నయీంనగర్‌లో ఏసీ రిపేరు షాపు తెరిచాడనుకోండి. పీఎఫ్‌లో 4 లక్షలుంటే, 2024-25కి ప్రకటించిన 8.25 శాతం లెక్కన ఏడాదికి 33 వేలు వడ్డీ. ఎండాకాలం తప్ప గిరాకీ అంతంతమాత్రంగా ఉండే పనికి ఇది చిన్న అండ కాదు. అందుకే షాపు అడ్వాన్సు కోసం మొత్తం ఊడ్చేయడం నాకు నచ్చదు.

“మూడేళ్లు జమ కాకపోతే వడ్డీ బంద్” అని చాలామంది టెన్షన్ పడి తీసేస్తుంటారు. 2011 నుంచి కొన్నేళ్లు నిజంగానే ఆ నిబంధన ఉండేది, 2016లో మార్చారు. ఇప్పుడు మూడేళ్ల లెక్క 55 దాటి రిటైరైనవాళ్లకు, శాశ్వతంగా విదేశాలకు వెళ్లిపోయినవాళ్లకు, చనిపోయినవాళ్ల ఖాతాలకే. ఒకటి మాత్రం నిజం: ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీని ఆదాయంగా చూపి పన్ను లెక్కలో కలపాలి. సర్వీసు అయిదేళ్లు నిండకముందే మొత్తం తీస్తే ఆ సొమ్ముకూ పన్ను పడుతుంది.