పతకం దగ్గర నాటకం ఆపకు బుజ్జీ

బుజ్జికి దేవుని దీవెనలతో మామయ్య రాస్తున్నది.

ఈ క్రిస్మస్‌కి మీ చర్చిలో స్కాట్లండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ మీద నాటకం వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రచనా నీదే, డైరెక్షనూ నీదేనట. మోకాలి ఆపరేషన్ అయ్యాక గ్రౌండ్ ఉన్న దారిలో కూడా వెళ్లని పిల్ల ఒక పరుగు వీరుడి కథ రాయడానికి కూర్చుందంటే ఎంత గుండె నిబ్బరం కావాలో నాకు తెలుసు. ఆ పూట ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను. రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన రచన చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

పాస్టరు గారికీ సంఘ పెద్దలకీ రచన ముందే చూపించు. జనరేటర్ మాట్లాడిపెట్టుకో. బైబిల్ వచనం చదివేటప్పుడు తప్ప ఎవరి చేతా గ్రాంథికం పలికించకు.

పరుగు సీను గురించి, పీఈటీగా, అంటే స్కూల్లో ఆటల మాస్టారుగా బతికినవాణ్ణి కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. స్టేజీ మీద ఉన్నచోటే కాళ్లు ఆడిస్తే పరుగులా ఉండదు. పరుగు మొదలవక ముందు ఏం జరుగుతుందో చూపించు. 1924 పారిస్ ఒలింపిక్స్ నాటికి స్టార్టింగ్ బ్లాకులు, అంటే పరుగు మొదలెట్టేటప్పుడు కాళ్లు ఆన్చే దిమ్మలు లేవు. ఎవరి గుంటలు వాళ్లు తవ్వుకునేవాళ్లు. మీ కుర్రాడి చేతికి చిన్న తాపీ ఇవ్వు, మోకాళ్ల మీద కూర్చుని రెండు గుంటలు తవ్వమను, బొటనవేలు పెట్టి లోతు చూసుకోమను, పక్కవాడికి చెయ్యి కలిపి ‘ఆల్ ది బెస్ట్’ చెప్పమను. తుపాకీ పేలగానే లైటు తీసేసి, చూసేవాళ్ల మొహాల మీద వెయ్యి. లిడెల్ పరుగెత్తింది అన్నిటికన్నా బయటి లైనులో. పక్కన ఎవరు ఎంత దగ్గరగా ఉన్నారో కనపడని లైను అది. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి పరుగెత్తేవాడు. ఏ కోచ్ చూసినా తిట్టే పద్ధతే. అది మాత్రం సరిగ్గా రాశావు.

ఒకటి దిద్దుకో. ఆదివారం దేవుని దినమని ఆ రోజు పరుగెత్తని లిడెల్‌కి, పారిస్ వెళ్లే ఓడ ఎక్కాక 100 మీటర్ల హీట్స్ (మొదటి రౌండు పరుగులు) ఆదివారం అని తెలిసినట్టు పెట్టావు. చాలామంది అలాగే చెప్పుకుంటారు, కానీ అది నిజం కాదు. నెలల ముందే అతనికి తెలుసు. ఆవేశంలో ఒక్కసారి ‘నేను పరుగెత్తను’ అనేసి హీరో కావచ్చు. అతను ఆ మాట అన్నాక, తనకు బాగా వచ్చిన పందెం వదిలేసి, తనది కాని 400 మీటర్ల కోసం నెలల తరబడి తయారయ్యాడు. పత్రికలవాళ్లు దుమ్మెత్తి పోస్తుంటే పొద్దున్నే లేచి ప్రాక్టీసుకి వెళ్లాడు. ఆదివారం పడ్డాయని రిలేలు కూడా వదులుకున్నాడు. కల చెదిరిపోతే ఎలా ఉంటుందో నువ్వు చూపించాలనుకుంటే అది ఆ నెలల్లో ఉంది.

ఫైనల్ రోజు టీమ్ మసాజ్ చేసే మనిషి ఇచ్చిన చీటీ సంగతి పెట్టావు. నన్ను ఘనపరచువారిని నేను ఘనపరచుదును అనే మాట. అది జరిగిన సంగతే, ఉంచు. కానీ ఆ చీటీ చదివించి, వెంటనే 47.6 సెకన్లలో గోల్డ్ మెడల్, ఒలింపిక్ రికార్డు అని మైకులో చెప్పించి, పాట పెట్టి తెర దించేశావు. నా భయమంతా అక్కడే ఉంది. ఎందుకో చెబుతాను.

నువ్వు పుట్టకముందు మా ఊళ్లో యూత్ వాళ్లం ఇలాంటి నాటకమే వేశాం. రాసింది మా అందరికన్నా పెద్దవాడు, గొప్ప ప్రార్థనాపరుడు. కథలో ఒక కుర్రాడికి కాలు విరుగుతుంది, డాక్టర్లు ఇక పరుగు లేదంటారు. ఆఖరి సీనులో దైవజనుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. కుర్రాడు చంక కర్రలు విసిరేసి జనం మధ్యలోంచి పరుగెత్తి, తిరిగి స్టేజీ ఎక్కేసరికి మెడలో పతకం. నేను లైట్ల దగ్గర ఉన్నాను. ఆడవాళ్లు లేచి నిలబడి ఏడుస్తున్నారు. కానుక పళ్లెం నిండిపోయింది. మేమందరం ఒకళ్లనొకళ్లం కావిలించుకున్నాం.

ముందు వరసలో నా స్కూలు కుర్రాడొకడు కూర్చున్నాడు. జిల్లా మీట్‌కి నేను తయారు చేస్తున్నవాడు, 200 మీటర్లు. ఎగుడుదిగుడు గ్రౌండ్‌లో పడి కాలు విరిగి, మోకాలి కింద దాకా సిమెంట్ కట్టుతో ఉన్నాడు. వాడికి ధైర్యంగా ఉంటుందని అమ్మతో పాటు రమ్మన్నారు మావాళ్లు. నాటకం అయ్యాక వాడి మొహం వెలిగిపోతోంది. నాతో ఒక్క మాట అన్నాడు: ‘సార్, నమ్మితే చాలు కదా?’ చుట్టూ జనం, చప్పుడు. ఎవరో నన్ను పిలిచారు.

మర్నాడు తెల్లవారుజామున వాడు కొడవలితో కట్టు కోసుకుని స్కూలు గ్రౌండ్‌కి వెళ్లాడు. కాపలా మనిషి చూసేసరికి ట్రాక్ మీద పడి ఉన్నాడట. సగం అతుక్కున్న ఎముక మళ్లీ జరిగింది. అది వంకరగా అతుక్కుంది. అయితే నన్ను ఇప్పటికీ పొడిచేది కాలు సంగతి కాదు. ఆసుపత్రి మంచం మీద వాడు కట్టు కోసినందుకు బాధపడలేదు. ‘నాకు విశ్వాసం తక్కువైంది, మధ్యలో భయపడ్డాను సార్’ అన్నాడు. పదిహేనేళ్ల పిల్లాడు, దేవుడు తనను పరీక్షలో ఫెయిల్ చేశాడని నమ్మాడు. అమ్మ చెప్పినా, నేను చెప్పినా, ఆ నాటకం రాసిన మనిషే వచ్చి మంచం పక్కన మోకరించి ఏడ్చినా వాడికి ఎక్కలేదు. తర్వాత చర్చికి రావడం మానేశాడు. ఇప్పుడు వాడికి పిల్లలున్నారు. నేను కనపడితే నమస్కారం పెడతాడు, టీ ఇప్పిస్తాడు. ఆ రాత్రి సంగతి మాత్రం ఎత్తడు.

మీ చర్చిలోనూ ముందు వరసలో ఎవరో ఒకరు ఉంటారు బుజ్జీ. సెలక్షన్ పోయినవాళ్లు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్లు, ఎంత ప్రార్థించినా బిడ్డ దక్కనివాళ్లు. పారిస్ దగ్గర తెర దించితే వాళ్లు ఏం పట్టుకుని ఇంటికి వెళ్తారు?

కాబట్టి పారిస్‌ని సగంలో పెట్టు. మరుసటి ఏడాదే అతను చైనాకి మిషనరీగా వెళ్లాడు. 1941లో గర్భిణి అయిన భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ కెనడా పంపించేశాడు. మూడో కూతుర్ని చూడనే లేదు. 1943లో జపాన్ వాళ్లు అతన్ని చైనాలోనే వైహ్సియన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ పిల్లలకి సైన్సు చెప్పాడు, ఆటలు ఆడించాడు. మొదట్లో ఆదివారం ఆటలు వద్దన్నాడు. పిల్లలు పెద్దవాళ్లు లేకుండా ఆడుకుని కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం విజిల్ పట్టుకుని తనే రిఫరీగా దిగాడు. ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనన్న మనిషి, పిల్లల కోసం ఆదివారం గ్రౌండ్‌లోకి దిగాడు! నన్నడిగితే నీ నాటకానికి ప్రాణం ఈ సీను. చిరిగితే కుట్టి వాడుకుంటున్న తన పరుగు బూట్లు, చలికాలంలో ఒక కుర్రాడికి ఇచ్చేశాడు. అది కూడా పెట్టు. బూట్లు కొత్తవి కొనకు, మన ఊరి చెప్పులు కుట్టే ఆయన దగ్గర పాతవి దొరుకుతాయి.

ఆఖర్లో తలనొప్పులు, దిగులు. బాగా అలసిపోయి మనసు దెబ్బతిందేమో అనుకున్నారు డాక్టర్లు. మెదడులో గడ్డ అని చనిపోయాకే తేలింది. 1945 ఫిబ్రవరి 21న పోయాడు, 43 ఏళ్లు. ఆ ఆగస్టులో శిబిరం తలుపులు తెరుచుకున్నాయి. అద్భుతం లేకపోతే సువార్త ఎక్కడుంది అని పెద్దలెవరైనా అడిగితే బైబిల్లో రెండో కొరింథీ పన్నెండో అధ్యాయం తెరిచి చూపించు. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది అలాగే ఉంది, కృప కూడా ఉంది.

ఇంకొకటి. దీనికి కోప్పడకు. రెండో అంకంలో లిడెల్ చేత ‘ప్రభువా, నా కాళ్లు నాకు తిరిగి ఇవ్వు’ అనిపించావు. లిడెల్ కాళ్లకి ఏమీ కాలేదు తల్లీ. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. తీసెయ్యమని అనను. శిబిరంలో ఒక ఆడపిల్లని పెట్టి ఆ మాట ఆ పిల్ల చేత చెప్పించు. దానికి లిడెల్ చేత జవాబు చెప్పించకు, వచనం చదివించకు. వచ్చి పక్కన కూర్చోమను. కాసేపు అలాగే ఉంచు. జనం ఇబ్బంది పడితే పడనీ. ఆ వేషం నువ్వు వెయ్యకు. నువ్వు కింద కూర్చుని చూడు.

నాటకం పనిలో పడి ఫిజియోథెరపీ మానేశావని అమ్మ చెప్పింది. పొద్దున ప్రార్థన చేసుకుంటున్నా కదా, అదే తగ్గుతుంది అన్నావట. పైదంతా చదివావు కదా, ఇక ఆ మాట నా దగ్గర అనకు. ప్రార్థన చేసుకో, వ్యాయామాలూ చెయ్యి, రెండూ చెయ్యి. స్టేజీ మీద నుంచి దూకకు, మెట్లు దిగు. దిద్దిన రచన పంపించు. శనివారం సాయంత్రం ఫోన్ చేసి, క్లినిక్‌కి వెళ్లావో లేదో ముందు అదే అడుగుతాను.

మామయ్య