2021లో వచ్చిన "రాయా అండ్ ద లాస్ట్ డ్రాగన్" సినిమా చివర్లో రాయా నమారీని ఎందుకు నమ్మింది? డ్రాగన్ సిసుని చంపింది నమారీయే కదా?

నమారీ తప్పేమీ లేదని కాదు, ఎవరో ఒకరు ముందు నమ్మకపోతే ముక్కలైన డ్రాగన్ మణి (మనుషుల్ని రాళ్ళుగా మార్చే ద్రూన్‌లను అడ్డుకునేది) మళ్ళీ పనిచేయదని అర్థమయ్యే రాయా తన ముక్క ఆమె చేతిలో పెట్టింది. సినిమాలో మణి పగలడానికి అసలు కారణమే అనుమానం, రాయా వాళ్ళ హార్ట్ రాజ్యం బాగుందంటే అది మణి వల్లేనని మిగతా రాజ్యాల వాళ్ళు అనుకున్నారు, నమారీ చిన్నప్పుడు స్నేహం నటించి మోసం చేసింది కూడా తన ఫాంగ్ రాజ్య ప్రజల కోసమే, దురాశతో కాదు. అయినా అది మోసమే, సినిమా కూడా దాన్ని దాచదు.

500 ఏళ్ళ కిందట సిసు విషయంలోనూ ఇదే జరిగింది, తోబుట్టువులైన నాలుగు డ్రాగన్లు తమ శక్తంతా ఆ మణిలో పెట్టి ఆమె చేతికిచ్చి రాళ్ళైపోయారు. రాయా చేసిందీ అచ్చం అదే, ఆ తర్వాత ఆమె తోటి ప్రయాణికులు బౌన్, టాంగ్, నోయీ కూడా తమ ముక్కలు ఇచ్చేశారు.

చాలామంది పొరపడేది సిసు చావు దగ్గర. నమారీ క్రాస్‌బో (ట్రిగ్గర్ ఉండే విల్లు) గురిపెట్టిన మాట నిజమే, కానీ ట్రిగ్గర్ మీద వేలు చూసి రాయా కొరడాలా సాగే తన కత్తిని ఝళిపించింది, ఆ దెబ్బకే బాణం వదిలింది. అందుకే "సిసు చావులో నీకూ అంతే భాగముంది" అని నమారీ అన్నప్పుడు రాయా దగ్గర జవాబు లేదు.