స్టీవ్ రైష్ 'తెహిల్లీమ్' ఏ తాళంలో ఉంది? మా వైజాగ్ క్వైర్ వాళ్ళం చప్పట్లేస్తుంటే తప్పిపోతోంది

ఒకే తాళం అయితే లేదండి, అందుకే తప్పుతోంది. 1981 నాటి ఈ పీస్‌లో బైబిల్లోని 19, 34, 18, 150 కీర్తనల్లోంచి కొన్ని వచనాలు తీసుకుని హీబ్రూలోనే పెట్టాడు అమెరికన్ స్వరకర్త రైష్, ఆ మాటలు ఎలా నడిస్తే దెబ్బ అలా నడుస్తుంది, రెండ్లూ మూళ్ళూ కలిసి గుంపులు మారిపోతూ ఉంటాయి, ఐదు దెబ్బల ఖండచాపు అనుకునేలోపు ఏడు దెబ్బల మిశ్రచాపులా వినిపిస్తుంది, ఇంకో లైన్‌కి రెండూ కాదు. మనం జగదాంబ వైపు చర్చిల్లో డోలక్ మీద పాడే పాటల్లాగా ఆవృతం (తాళం ఒక చుట్టు) లెక్కేస్తే పని జరగదు.

ఇంకోటి, యూదుల్లో తోరా (వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం) చదివే స్వరాలకి సంప్రదాయం ఇప్పటికీ ఉంది కానీ పాశ్చాత్య యూదుల్లో కీర్తనలు పాడే బాణీ మాత్రం పోయింది, యెమెన్ వాళ్ళ దగ్గరే మిగిలింది. అందుకే రైష్ కీర్తనల్ని ఎంచుకున్నాడు, పాత బాణీని కాపీ కొట్టే బాధ లేదుగా! గజ్జెలు లేని చిన్న టాంబరిన్లు వాడింది కూడా 150వ కీర్తనలో చెప్పిన వాద్యాన్ని తలపించాలనే.

ప్రాక్టీస్‌కి చప్పట్లు కాసేపు ఆపేసి ముందు మాటలు వరసగా చదవండి, నోటికొచ్చాక ఒక్కరే దెబ్బెయ్యండి. నలుగురు ఆడవాళ్ళ గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే చోటు మాత్రం చివరికి పెట్టుకోండి, అది నిజంగా కష్టం. మూడో భాగం నెమ్మదిగా ఉంటుంది, దాంతో మొదలెట్టినా పర్లేదు.