అప్‌డేట్ కొట్టే ముందు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. ఇంటి సర్వర్లో మన ఫైళ్లూ ఫొటోలూ దాచే నెక్స్ట్‌క్లౌడ్ ప్రోగ్రాముని వెర్షన్ 28 నుంచి ఒక్కసారే 31కి తీసుకెళ్లిపోతానంటున్నావు. అలా కుదరదురా. మధ్యలో మేజర్ వెర్షన్ ఒక్కటి దాటేసినా అది ఒప్పుకోదు. ముందు 29కి వెళ్లాలి, అది నిలబడ్డాక 30, ఆ తర్వాతే 31. కంపోజ్ ఫైల్లో, అంటే డాకర్ ఏ ప్రోగ్రాముని ఎలా నడపాలో రాసి పెట్టిన ఫైల్లో, ఇమేజ్ (ప్రోగ్రాము రెడీమేడ్ ప్యాకెట్) పేరు పక్కన 'లేటెస్ట్' అని ఉందేమో కూడా చూడు. ఉంటే, ఇంకేదో పనిమీద పుల్ (ఇమేజ్ దింపే కమాండ్) కొట్టిన రోజున నీకు తెలియకుండానే కొత్త వెర్షన్ దిగిపోతుంది. అక్కడ నెంబరు రాసుకో.

కంటైనర్, అంటే ఇమేజ్ నుంచి లేచి నడిచే ప్రోగ్రాము, పోతే బెంగ పడకు, ఇమేజ్ నుంచి నిమిషంలో మళ్లీ లేస్తుంది. పోకూడనిది వాల్యూమ్‌లో (డాకర్ డేటాని విడిగా దాచే చోట) ఉన్నది: భీమవరం చెరువుల లెక్కలు, మేత బిల్లులు, అమ్మమ్మ ఫొటోలు. అన్నీ ఆపడానికి డాకర్ కంపోజ్ డౌన్ కొట్టేటప్పుడు చివర 'మైనస్ వి' తగిలించావంటే, ఆ ఫైల్లో పేరు పెట్టిన వాల్యూమ్‌లు కూడా పోతాయి. నెట్లో ఎవడో రాశాడని ఆ అక్షరం కాపీ కొట్టకు.

ఇక బ్యాకప్. రోజూ రాత్రి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫోల్డర్ కాపీ చేస్తున్నానన్నావు. డేటాబేస్ నడుస్తుండగా అలా చేస్తే సగం రాసిన ఫైళ్లు కూడా వచ్చేస్తాయి, రేపు అవసరానికి తెరుచుకుంటాయన్న నమ్మకం లేదు. మనవైపు ఎండాకాలంలో కాలవలు కట్టేశాకే కదా లాకులు మరమ్మతు చేసేది. నువ్వూ ముందు మెయింటెనెన్స్ మోడ్ పెట్టు, ఎవరూ కొత్తగా ఏదీ ఎక్కించలేరు. అప్పుడు పీజీ డంప్ కమాండ్‌తో డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్లోకి తీసుకో. తర్వాత డేటా ఫోల్డరు, కాన్ఫిగ్ ఫోల్డరు, కంపోజ్ ఫైలు, పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు. డంప్ సైజు ఎంతుందో చూడు. సున్నా కేబీ ఫైల్ని చూసుకుని ధీమాగా తిరిగేవాళ్లు బోలెడుమంది. నీ పాత ల్యాప్‌టాప్‌లో అదంతా ఎక్కించి, లాగిన్ అయి, ఒక ఫొటో తెరిచి చూడు. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

ఒక కాపీ రాజమండ్రిలో పిన్ని వాళ్లింట్లో పెట్టు. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఏం చేసిందో మీ అమ్మని అడుగు. సర్వరూ హార్డ్‌డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే రెండూ కలిసే తడుస్తాయి.

అప్‌డేట్ పని చిన్నదే. నెంబరు 29 చేసి, పుల్, ఆ తర్వాత కంటైనర్లని లేపే 'అప్ మైనస్ డి'. కొత్త కంటైనర్ లేచి డేటాబేస్‌ని తనే మార్చుకుంటుంది. ఆ కాసేపూ పేజీ తెరుచుకోదు. అప్పుడే మనవాళ్లకి చేతులు ఊరుకోవు, ఆగిపోయిందనుకుని రీస్టార్ట్ కొట్టేస్తారు. అలా సగంలో ఆపకు, లాగ్స్ (లోపల ఏం జరుగుతోందో రాసుకునే వరుసలు) తెరిచి చూస్తూ కూర్చో. మబ్బు పట్టిన సాయంత్రం అసలు మొదలుపెట్టొద్దు. ఇన్వర్టర్ ఉందిగా అంటావేమో, కరెంటు పోయి అది అందుకునే ఆ క్షణం ఫ్యాను తట్టుకుంటుంది గానీ కంప్యూటర్ తట్టుకోకపోవచ్చు. మధ్యలో చిన్న యూపీఎస్ పెట్టించు.

బాగోలేదని పాత నెంబరు మళ్లీ రాసేస్తే సరిపోతుందనుకోకు. డేటా వెర్షన్ ఇమేజ్ కంటే పైన ఉంటే నెక్స్ట్‌క్లౌడ్ లేవనే లేవదు. వెనక్కి రావాలంటే పాత ఇమేజ్‌తో పాటు పాత డంపూ, పాత ఫోల్డర్లూ ఎక్కించాల్సిందే. అదే ఊపులో పోస్ట్‌గ్రెస్ 15ని 16 చేసెయ్యకు. పాత ఫోల్డర్ నాది కాదని 16 మొండికేస్తుంది. దానికి డంప్ తీసి ఖాళీ వాల్యూమ్‌లోకి ఎక్కించాలి, అది వేరే రోజు పని.

ఇంకోటి. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో పోర్టు మూసేశానన్న ధీమా వద్దు, డాకర్ పబ్లిష్ చేసిన పోర్టు దాన్ని తప్పించుకుని బయటికి తెరుచుకుంటుంది. డేటాబేస్ కింద ఉన్న పోర్ట్స్ లైను తీసెయ్, నెక్స్ట్‌క్లౌడ్ లోపలి నెట్‌వర్క్‌లోనే దాన్ని అందుకుంటుంది.

29కి వచ్చాక మెయింటెనెన్స్ మోడ్ ఇంకా ఉంటే తియ్యి. అడ్మిన్ ఓవర్‌వ్యూ పేజీలో డేటాబేస్ ఇండెక్సులు లేవంటే నెక్స్ట్‌క్లౌడ్ సొంత ఓసీసీ కమాండ్‌తో కలుపు. రెండు మూడు రోజులు ఇంట్లోవాళ్లందరూ వాడాకే 30 సంగతి చూద్దాం. లాగ్‌లో అర్థం కానిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ పంపు, ఎంత రాత్రైనా పర్లేదు. అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ మావయ్య,
రాజోలు