పాత కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎందుకు వెనక్కి పోతోంది?

మదర్‌బోర్డు (లోపలుండే ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీదున్న బిళ్ల బ్యాటరీ అయిపోయింది, అంతే, టెన్షన్ పడకండి. ప్లగ్ తీసేసినా లోపలి గడియారం నడిచేది దాని మీదే. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ నుంచీ ఇదే పద్ధతి. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్2032, 3 వోల్టులది, వాచీలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్ పీకి, పాతది తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయోస్‌లోకి, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి తేదీ సరిచేయండి.

తేదీ తప్పితే వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు, ఎందుకంటే సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్‌కు మొదలు, గడువు తేదీలుంటాయి, మీ కంప్యూటర్ 2009లోనే ఉందనుకుంటే అది ఇంకా మొదలే కాలేదని బ్రౌజర్ ఆపేస్తుంది. ఇది తెలియక నేను రెండు రోజులు రౌటర్‌నే అనుమానించాను.

మీది 386, 486 అనే పాత ప్రాసెసర్ల కాలం నాటిదైతే మాత్రం ఈరోజే మూత విప్పి చూడండి. వాటిలో చాలావాటికి పీపా ఆకారంలో నికెల్ కాడ్మియం బ్యాటరీని బోర్డుకే టంకం పెట్టి ఉంచేవారు, అది కారి రాగి గీతల్ని తినేస్తుంది. వాడకుండా అటక మీద పెట్టినా కారుతుంది, కాబట్టి ముందు దాన్ని ఊడదీయించండి, కారిన చోట వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి.